మాక్ ఆబ్జెక్ట్ పికిల్ కావట్లేదు, మల్టీప్రాసెసింగ్ ఉన్న కోడ్‌కి టెస్టులు ఎలా రాస్తున్నారు?

బెళ్లందూరు_బ్యాకెండ్

అందరికీ నమస్తే. బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో పైథాన్ బ్యాకెండ్ చూస్తుంటాను. మా సాఫ్ట్‌వేర్ అపార్ట్‌మెంట్ల నీళ్ల బిల్లులది. కావేరీ లైన్ నుంచి ఎంత వచ్చింది, బోరు ఎంత, ట్యాంకర్లు ఎన్ని తెప్పించారు అన్నది తీసుకుని, ఫ్లాట్ మీటర్ రీడింగుల ప్రకారం పంచి, బిల్లు పీడీఎఫ్ తయారుచేసి ఓనర్‌కి ఎస్ఎంఎస్ పంపుతుంది. ఎండాకాలంలో ట్యాంకర్ రేటు వారం వారం మారుతుంది కాబట్టి బిల్లులు మళ్లీ మళ్లీ వేయాల్సి వస్తుంది, పెద్ద అపార్ట్‌మెంట్ అయితే పీడీఎఫ్‌లకే చాలా టైమ్ పట్టేది, అందుకని ఆ పనిని ప్రాసెస్ పూల్ ఎగ్జిక్యూటర్‌కి (పనిని కొన్ని వేరే ప్రాసెస్‌లకి పంచిపెట్టేది) మార్చాం. ప్రొడక్షన్‌లో బాగానే నడుస్తోంది. గొడవంతా టెస్టుల దగ్గరే.

బిల్లు వేసే ఫంక్షన్‌కి మూడు ఆర్గ్యుమెంట్లు వెళ్తాయి: ఫ్లాట్ వివరాలు, రీడింగు, ఎస్ఎంఎస్ క్లయింట్. టెస్టులో నిజం ఎస్ఎంఎస్ పోకూడదని క్లయింట్ బదులు మ్యాజిక్‌మాక్ (ఏం పిలిచినా ఒప్పుకుని, ఏం పిలిచారో గుర్తుపెట్టుకునే నకిలీ ఆబ్జెక్ట్) ఇస్తున్నాను. సబ్మిట్ దగ్గర ఏమీ అనదు, ఫ్యూచర్ (తర్వాత జవాబు తెచ్చే ఆబ్జెక్ట్) మీద రిజల్ట్ అడగ్గానే పికిలింగ్ (ఆబ్జెక్ట్‌ని ఇంకో ప్రాసెస్‌కి పంపడానికి బైట్లుగా మార్చడం) ఎర్రర్ వస్తుంది: "కాంట్ పికిల్ క్లాస్ యూనిట్‌టెస్ట్.మాక్.మ్యాజిక్‌మాక్, ఇట్స్ నాట్ ద సేమ్ ఆబ్జెక్ట్ యాజ్ యూనిట్‌టెస్ట్.మాక్.మ్యాజిక్‌మాక్" అని. రెండు వైపులా ఒకటే పేరు ఉంది, మరి సేమ్ ఆబ్జెక్ట్ కాదంటుంది ఏంటి? పైథాన్ 3.11. మ్యాజిక్‌మాక్ తీసేసి మామూలు మాక్ పెట్టినా అదే పాట. క్రియేట్ ఆటోస్పెక్ (నిజం క్లాస్‌ని చూసి దానిలాగే మాక్ చేసేది) కూడా పెట్టి చూశాను, ఎర్రర్ మాటలు మారాయి తప్ప పని కాలేదు.

టెస్టుల కోసం ప్రొడక్షన్ కోడ్‌ని మార్చడం నాకు ఇష్టం లేదు, తప్పదంటే మారుస్తాను. మీ టీముల్లో ఇలాంటి చోట ఏం చేస్తున్నారో చెప్పండి.

హెచ్ఎస్ఆర్_పైథాన్

బ్రో, దీనికి చిన్న మార్గం ఉంది. మ్యాజిక్‌మాక్ నుంచి ఒక సబ్‌క్లాస్ రాసి అందులో డండర్ రిడ్యూస్ (డండర్ అంటే పేరుకి ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్లు ఉండేది) మెథడ్ పెట్టు, అది టపుల్ ఒకటి రిటర్న్ చేస్తుంది: మొదటిది మ్యాజిక్‌మాక్ క్లాస్, రెండోది ఖాళీ టపుల్. అంటే "నన్ను పికిల్ చేయమంటే అవతల ఒక కొత్త మ్యాజిక్‌మాక్ తయారు చేసుకోండి" అని పికిల్‌కి చెప్పినట్టు. టెస్టులో ఆ సబ్‌క్లాస్ వాడు. ఎర్రర్ పోతుంది. మా దగ్గర చాలా చోట్ల ఇదే ఉంది.

మారతహళ్లి_టెస్టింగ్

పై రిప్లైలో చెప్పింది పనిచేస్తుంది, ఎర్రర్ పోతుంది, కానీ ఈ కేసులో అది వాడొద్దనే నేను గట్టిగా చెప్తాను. ఎందుకో చెప్పాలంటే ముందు అసలు ఎర్రర్ ఎందుకు వస్తుందో చూడాలి.

పికిల్ ఒక ఆబ్జెక్ట్‌ని రాసేటప్పుడు దాని క్లాస్ కోడ్‌ని రాయదు, క్లాస్ పేరూ మాడ్యూల్ పేరూ మాత్రమే రాస్తుంది. రాసే ముందు ఒక చెక్ చేస్తుంది: ఆ మాడ్యూల్‌లో ఆ పేరుతో వెతికితే దొరికే క్లాసూ, ఇప్పుడు చేతిలో ఉన్న ఆబ్జెక్ట్ క్లాసూ ఒకటేనా అని. పేరు ఒకటైతే సరిపోదు, మెమరీలో అదే ఆబ్జెక్ట్ అయి ఉండాలి. ఇక్కడే మాక్ కుదరదు. మీరు మ్యాజిక్‌మాక్ అని పిలిచిన ప్రతిసారీ ఆ ఒక్క ఇన్‌స్టాన్స్ కోసం లోపల ఒక కొత్త సబ్‌క్లాస్ పుడుతుంది, దాని పేరు కూడా మ్యాజిక్‌మాకే. నమ్మకం లేకపోతే పైథాన్ షెల్ తెరిచి రెండు మాక్‌లు చేసి వాటి టైపులు ఒకటేనా అని అడగండి, ఫాల్స్ అంటుంది.

ఎందుకిలా చేశారంటే, లెన్, ఇటర్, స్ట్రింగ్ లాంటి డండర్ మెథడ్లని పైథాన్ ఇన్‌స్టాన్స్ మీద వెతకదు, క్లాస్ మీదే వెతుకుతుంది. ఒక మాక్‌కి లెన్ 3 రావాలి, ఇంకో మాక్‌కి 0 రావాలి అంటే రెండిటికీ వేర్వేరు క్లాసులు ఉండక తప్పదు. కాబట్టి ఇది బగ్ కాదు, మాక్ మనకు అంత సులువుగా వంగడానికి కారణమే ఇది. మైఖేల్ ఫూర్డ్ దీన్ని మొదట విడి లైబ్రరీగా రాశారు, 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచి స్టాండర్డ్ లైబ్రరీలో ఉంది. డాక్యుమెంటేషన్ చూస్తే రిడ్యూస్, గెట్‌స్టేట్, సెట్‌స్టేట్ లాంటి పికిల్‌కి సంబంధించిన మెథడ్లు సపోర్ట్ ఉంది కానీ డిఫాల్ట్‌గా పెట్టలేదు అనే జాబితాలో కనిపిస్తాయి.

ఆటోస్పెక్ పెడితే మాట ఎందుకు మారిందంటే, స్పెక్ ఇచ్చిన మాక్ తన డండర్ క్లాస్ అడిగితే మీ ఎస్ఎంఎస్ క్లయింట్ క్లాస్‌ని చూపిస్తుంది, ఈజ్‌ఇన్‌స్టాన్స్ పాసవ్వాలని. అసలు టైపు మాత్రం వేరు. పికిల్ ఆ తేడా పట్టుకుని ఇంకో చోట ఆగుతుంది, అంతే.

కొంతమంది కాపీరెగ్ (ఏ టైపుని ఎలా పికిల్ చేయాలో చెప్పుకునే చోటు) మాడ్యూల్‌లో మ్యాజిక్‌మాక్ కోసం ఒక ఫంక్షన్ రిజిస్టర్ చేస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. కాపీరెగ్ టేబుల్‌ని పికిల్ కచ్చితమైన టైపుతో చూస్తుంది, పేరెంట్ క్లాసుల్లోకి వెళ్లదు, మన మాక్ టైపేమో ప్రతిసారీ కొత్తది. పైథాన్ 3.8 నుంచి పిక్లర్ సబ్‌క్లాస్‌లో రిడ్యూసర్ ఓవర్‌రైడ్ అని ఒకటి ఉంది, అందులో ఈజ్‌ఇన్‌స్టాన్స్ చెక్ పెట్టుకోవచ్చు, కానీ ప్రాసెస్ పూల్ లోపలి పిక్లర్‌ని మార్చుకుంటూ పోవడం టెస్టు కోసం చేయాల్సిన పని కాదు.

ఇప్పుడు రిడ్యూస్ సంగతి. అవతలి ప్రాసెస్‌లో పుట్టేది కొత్త మ్యాజిక్‌మాక్. దానికి మీరు పెట్టిన రిటర్న్ వాల్యూ తెలియదు, సైడ్ ఎఫెక్ట్ తెలియదు. అక్కడ సెండ్ పిలిస్తే అక్కడి మాక్ లెక్కలోనే పడుతుంది, ప్రాసెస్ అయిపోగానే ఆ లెక్క కూడా పోతుంది. మీ చేతిలో ఉన్న మాక్‌కి ఏదీ తెలియదు. అంటే ఎర్రర్ పోయింది కానీ ఎస్ఎంఎస్ పంపారా లేదా అన్న అసలు ప్రశ్నకి జవాబు లేదు. మసిపూసి మారేడుకాయ చేసినట్టే. మాక్ ఊరికే దారిలో ఉంటే చాలు, దాన్ని ఎవరూ ఏమీ అడగరు అనుకున్న చోట మాత్రం రిడ్యూస్ పర్వాలేదు.

బెళ్లందూరు_బ్యాకెండ్

చాలా థాంక్స్ అండీ, సేమ్ ఆబ్జెక్ట్ కాదు అన్నది ఇప్పుడు అర్థమైంది. మీ రిప్లై చూసేలోపే రిడ్యూస్ పెట్టి రన్ చేశాను, మీరన్నట్టే ఎర్రర్ పోయింది, కింద అసర్ట్ కాల్డ్ వన్స్ ఉన్న లైన్ దగ్గర "కాల్డ్ 0 టైమ్స్" అని ఫెయిల్ అయింది.

ఇంకో విషయం, ఇది నన్ను ఇంకా ఎక్కువ కంగారు పెడుతోంది. బిల్లు ఫంక్షన్ లోపల ట్యాంకర్ రేటు తెచ్చే ఫంక్షన్ ఒకటి ఉంది, దాన్ని ప్యాచ్ చేసి (టెస్టు నడిచేంతసేపు దాని చోట మాక్ పెట్టి) ఒక ఫిక్స్‌డ్ రేటు ఇస్తున్నాను. ఇది ఆర్గ్యుమెంట్‌గా వెళ్లదు కాబట్టి పికిల్ గొడవ లేదు. సీఐలో (కోడ్ పుష్ చేయగానే టెస్టులు నడిపే సర్వర్, మాది లైనక్స్) ఆ టెస్టు పచ్చగా పాసవుతుంది. మా లాప్‌టాపులన్నీ మ్యాక్‌లు, వాటి మీద మాత్రం అదే టెస్టు అసలు రేటు సర్వీస్‌కి కాల్ చేస్తోంది! ప్యాచ్ పెట్టిన సంగతే దానికి తెలియనట్టు ఉంది. ఒకటే పైథాన్ వెర్షన్, ఒకటే కోడ్. ఎక్కడ చూడాలి?

సిల్క్‌బోర్డ్_సీఐ

ఇది మాక్ సమస్య కాదు, ప్రాసెస్ ఎలా పుడుతుందన్న దాని సమస్య. మా టీమ్ సీఐ పనులు నేను చూస్తాను, మ్యాక్‌లో ఒకలా లైనక్స్‌లో ఒకలా అనే ఫిర్యాదు వస్తే మొదట స్టార్ట్ మెథడ్ చూడమనే చెప్తాను.

లైనక్స్‌లో మీ 3.11కి డిఫాల్ట్ ఫోర్క్. ఫోర్క్ అంటే పేరెంట్ ప్రాసెస్ మెమరీ యథాతథంగా పిల్ల ప్రాసెస్‌కి వస్తుంది, అందులో మీరు పెట్టిన ప్యాచ్ కూడా ఉంటుంది, కాబట్టి పిల్ల ప్రాసెస్‌లో రేటు ఫంక్షన్ పిలిస్తే మాకే పలుకుతుంది. మ్యాక్‌లో పైథాన్ 3.8 నుంచి డిఫాల్ట్ స్పాన్, విండోస్‌లో మొదటి నుంచీ స్పానే. స్పాన్ అంటే కొత్త పైథాన్ ఇంటర్‌ప్రెటర్ లేస్తుంది, మాడ్యూళ్లన్నీ మొదటి నుంచి ఇంపోర్ట్ చేసుకుంటుంది, మీ ప్యాచ్ ఉన్నది పేరెంట్ మెమరీలో మాత్రమే, కాబట్టి అసలు ఫంక్షనే పలుకుతుంది. మీ మ్యాక్ చెప్పేదే నిజం, సీఐ పాసవడం ఫోర్క్ పుణ్యం.

ఇక్కడ అందరూ గమనించాల్సింది ఒకటుంది. పైథాన్ 3.14లో లైనక్స్ డిఫాల్ట్ ఫోర్క్ నుంచి ఫోర్క్‌సర్వర్‌కి మారింది. థ్రెడ్లు నడుస్తున్న ప్రాసెస్‌ని ఫోర్క్ చేస్తే, ఎవరో పట్టుకున్న లాక్ పట్టుకున్నట్టే పిల్ల ప్రాసెస్‌లోకి వచ్చి, వదిలేవాళ్లు లేక అది అలాగే వేలాడిపోతుంది. అలాంటి చోట 3.12 నుంచే డిప్రికేషన్ వార్నింగ్ ఇస్తున్నారు. ఫోర్క్‌సర్వర్‌లో కూడా పేరెంట్‌లోని ప్యాచ్‌లు పిల్లకి చేరవు. అంటే మీరు 3.14కి అప్‌గ్రేడ్ చేసిన రోజు సీఐలో కూడా ఆ టెస్టు అసలు రేటు సర్వీస్‌కి కాల్ చేస్తుంది. ఇప్పుడే సరిచేసుకోండి. ఫోర్క్‌లో పాసయ్యే వాటిలో కూడా, వర్కర్లు ప్యాచ్ పెట్టాక పుడితేనే ప్యాచ్ కనిపిస్తుంది. పూల్‌ని మాడ్యూల్ లెవెల్‌లో ముందే తయారుచేసి, అప్పటికే దానితో ఒక పని చేయించి ఉంటే, వర్కర్లు పాత మెమరీతోనే ఉంటారు. ఒక టెస్టు విడిగా రన్ చేస్తే పాస్, మొత్తం సూట్‌లో ఫెయిల్ అనే రకం తలనొప్పులు ఇక్కడి నుంచే వస్తాయి.

ప్యాచ్ పిల్ల ప్రాసెస్‌లో కావాలంటే అక్కడే పెట్టాలి. ప్రాసెస్ పూల్ ఎగ్జిక్యూటర్‌కి 3.7 నుంచి ఇనీషియలైజర్ అనే ఆర్గ్యుమెంట్ ఉంది, ప్రతి వర్కర్ లేవగానే ఆ ఫంక్షన్ ఒకసారి నడుస్తుంది. టెస్ట్ ఫోల్డర్‌లో ఒక మామూలు మాడ్యూల్‌లో, పై లెవెల్‌లో ఒక ఫంక్షన్ రాయండి, అందులో ప్యాచ్ చేసి స్టార్ట్ పిలవండి, ఆ ఫంక్షన్‌ని ఇనీషియలైజర్‌గా ఇవ్వండి. లాంబ్డా ఇవ్వకండి, టెస్ట్ ఫంక్షన్ లోపల రాసిన ఫంక్షనూ ఇవ్వకండి, స్పాన్‌లో అవి కూడా పికిల్ కావు. దానికి వెళ్లే ఇనిట్ఆర్గ్స్ కూడా మామూలు విలువలే అయి ఉండాలి.

ఇంకోటి, అదే 3.7 నుంచి ఎంపీ కాంటెక్స్ట్ అనే ఆర్గ్యుమెంట్ కూడా ఉంది. సీఐలోనూ లాప్‌టాప్‌లోనూ స్పాన్ కాంటెక్స్టే ఇవ్వండి. కొంచెం నిదానంగా లేస్తుంది, కానీ మీ డెస్క్ దగ్గరా సీఐలోనూ ఒకటే జరుగుతుంది. బ్రాంచ్ పుష్ చేసి సీఐ పాసైందని ఇంటికి బయల్దేరాక, పక్క టీమ్ వాళ్లు "మా మ్యాక్‌లో ఫెయిల్" అని పింగ్ చేసే పరిస్థితి తప్పుతుంది.

మారతహళ్లి_టెస్టింగ్

సీఐ అన్న చెప్పింది పూర్తిగా కరెక్ట్. నేను దాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్తాను, ఎందుకంటే ఈ ప్రశ్నలో నాకు బాధ కలిగించేది ఎస్ఎంఎస్ క్లయింట్ ప్రాసెస్ గీత దాటడం. మాక్ సంగతి పక్కనపెట్టి చూడండి, అసలు క్లయింట్‌ని పికిల్ చేసి అవతలికి పంపిస్తున్నారు, అది ఇప్పటిదాకా పనిచేసిందంటే దానిలో కనెక్షన్ గానీ లాక్ గానీ లేదు కాబట్టే. రేపు ఎవరో దానిలో ఒక థ్రెడ్ లాక్ పెడితే ప్రొడక్షన్‌లో "కెనాట్ పికిల్ థ్రెడ్ లాక్ ఆబ్జెక్ట్" అని టైప్ ఎర్రర్ వస్తుంది. మాక్ ఇప్పుడే ఆ మాట చెప్తోంది.

కాబట్టి బిల్లు ఫంక్షన్‌ని రెండుగా చేయండి. పిల్ల ప్రాసెస్‌లో నడిచేది లెక్క, పీడీఎఫ్ మాత్రమే. దానికి వెళ్లేవి ఫ్లాట్ నంబరు, రీడింగు, ట్యాంకర్ రేటు. రేటుని కూడా లోపల తెచ్చుకోనివ్వకండి, పేరెంట్ ఒకసారి తెచ్చి ఒక సంఖ్యగా ఇస్తుంది, ప్రతి ఫ్లాట్‌కీ రేటు సర్వీస్‌కి కాల్ వెళ్లడం కూడా తగ్గుతుంది. తిరిగొచ్చేది మొత్తం ఎంత, పీడీఎఫ్ ఎక్కడుంది అన్న చిన్న డేటాక్లాస్. ఎస్ఎంఎస్ పంపేది పేరెంట్. ఇప్పుడు ఎస్ఎంఎస్ మాక్ పేరెంట్‌లోనే ఉంటుంది, రేటు ప్యాచ్ కూడా పేరెంట్‌లోనే ఉంటుంది, అసర్ట్ కాల్డ్ వన్స్ నిజంగా ఏదో ఒకటి చెప్తుంది. ప్రొడక్షన్ కోడ్ మార్చడం ఇష్టం లేదన్నారు, ఈ మార్పు టెస్టుల కోసం కాదండీ, కోడ్ కోసమే.

ఎగ్జిక్యూటర్‌ని కూడా బయటి నుంచి ఆర్గ్యుమెంట్‌గా తీసుకోండి. థ్రెడ్ పూల్ ఎగ్జిక్యూటర్‌కీ ప్రాసెస్ పూల్ ఎగ్జిక్యూటర్‌కీ పిలిచే పద్ధతి ఒకటే, కాబట్టి మామూలు టెస్టుల్లో థ్రెడ్ పూల్ ఇవ్వచ్చు, అక్కడ పికిల్ అనేదే ఉండదు, టెస్టులు చకచకా అయిపోతాయి. కానీ అన్నీ థ్రెడ్ పూల్ మీదే పెడితే పికిల్ కాని డేటా ఎవరైనా చేర్చినప్పుడు ఏ టెస్టూ పట్టుకోదు. అందుకని ఒక్క టెస్టు మాత్రం నిజం ప్రాసెస్ పూల్‌తో, స్పాన్‌తో, ఒకే వర్కర్‌తో, మాక్‌లు ఏవీ లేకుండా ఉండాలి. దానితోపాటు ఆ డేటాక్లాస్‌ని పికిల్ చేసి మళ్లీ తెరిచి, పాతదానితో సమానమా అని చూసే చిన్న టెస్టు ఒకటి.

అన్నట్టు, ఫ్యూచర్ మీద రిజల్ట్ పిలవకపోతే పికిలింగ్ ఎర్రర్ బయటికే రాదు, ఫ్యూచర్ లోపలే ఉండిపోతుంది. సబ్మిట్ చేసి వదిలేసే కోడ్ ఎక్కడైనా ఉంటే ఒకసారి చూసుకోండి.

హెచ్ఎస్ఆర్_పైథాన్

సరే, గీత దాటనివ్వకపోవడం మంచిదే, ఒప్పుకుంటాను. కానీ మా దగ్గర పిల్ల ప్రాసెసే బయటి సర్వీస్‌కి పంపాల్సిన పరిస్థితి ఉంది, ఫైళ్లు పెద్దవి, పేరెంట్‌కి తిరిగి పంపితే మెమరీ చాలదు. అక్కడ పంపారా లేదా అన్నది ఎలా చూడాలి?

మారతహళ్లి_టెస్టింగ్

అలాంటి చోట మాక్ వద్దు, చేత్తో రాసిన ఫేక్ పెట్టండి. మాడ్యూల్ పై లెవెల్‌లో ఒక క్లాస్, దానిలో ఒకే ఒక ఆట్రిబ్యూట్, ఒక ఫోల్డర్ పాత్. సెండ్ పిలిస్తే ఆ ఫోల్డర్‌లో తన ప్రాసెస్ ఐడీ పేరుతో ఉన్న ఫైల్‌కి ఒక లైన్ జేసన్ చేరుస్తుంది: ఎవరికి, ఏం పంపమన్నారు అని. ప్రాసెస్‌కో ఫైల్ కాబట్టి ఇద్దరు వర్కర్లు ఒకే ఫైల్‌లో రాసి కలగాపులగం అయ్యే భయం లేదు. పైటెస్ట్ ఇచ్చే టీఎంపీ పాత్ ఫిక్స్చర్‌ని (టెస్టుకి ఒక తాత్కాలిక ఫోల్డర్ సిద్ధం చేసి ఇచ్చేది) ఆ ఫోల్డర్‌గా ఇవ్వండి. పని అయ్యాక పేరెంట్ ఆ ఫైళ్లన్నీ చదివి, వరుస పెట్టి, అసర్ట్ చేస్తుంది. క్లాస్ మామూలుది, ఆట్రిబ్యూట్ మామూలు పాత్, పికిల్‌కి ఏ అభ్యంతరమూ ఉండదు, ఫోర్క్ అయినా స్పాన్ అయినా ఒకేలా పనిచేస్తుంది. పది పదిహేను లైన్ల కోడ్.

పంపించాల్సింది కేవలం ఆట్రిబ్యూట్లు ఉన్న వస్తువు అయితే టైప్స్ మాడ్యూల్‌లోని సింపుల్ నేమ్‌స్పేస్ చాలు, అది హాయిగా పికిల్ అవుతుంది. ఇచ్చిన వస్తువు అలాగే తిరిగొచ్చిందా అని మాత్రమే చూడాలంటే మాక్ మాడ్యూల్‌లోనే సెంటినెల్ ఉంది, దాని ఆట్రిబ్యూట్లు 3.7 నుంచి పికిల్ అయి తిరిగొచ్చినా అదే ఆబ్జెక్ట్‌గా ఉంటాయి. మనవాళ్లు ఎక్కువగా వాడరు గానీ చాలా పనికొస్తుంది.

వైట్‌ఫీల్డ్_జాంగో

ప్రాసెస్‌లు లేకపోయినా ఈ పికిలింగ్ ఎర్రర్ జాంగోలో కనిపిస్తుందని ఇక్కడ రాసిపెడుతున్నాను, వెతికేవాళ్లకి దొరుకుతుంది. జాంగో డిఫాల్ట్ క్యాష్ లోకల్ మెమరీది. పేరు చూసి ఆబ్జెక్ట్‌ని అలాగే డిక్షనరీలో పెట్టుకుంటుంది అనుకుంటాం, కానీ అది కూడా సెట్ చేసేటప్పుడు పికిల్ చేసే పెడుతుంది. వ్యూలో ఏపీఐ రెస్పాన్స్‌ని క్యాష్‌లో పెట్టే కోడ్ ఉండి, టెస్టులో ఆ రెస్పాన్స్ మాక్ అయితే క్యాష్ సెట్ దగ్గర పడిపోతుంది. చాలామంది వెంటనే సెట్టింగ్స్‌లో డమ్మీ క్యాష్ పెట్టేస్తారు. డమ్మీ క్యాష్ ఏదీ దాచదు, అంటే క్యాష్ నుంచి చదివే దారి ఆ టెస్టుల్లో ఎప్పటికీ నడవదు. రెస్పాన్స్ మాక్‌కి జేసన్ మెథడ్ రిటర్న్ వాల్యూగా నిజమైన డిక్షనరీ ఇచ్చి, వ్యూలో ఆ డిక్షనరీనే క్యాష్ చేయడం మేలు.

జేసన్ వైపు సంగతి ఇంకా ప్రమాదకరం. పికిల్ కనీసం గట్టిగా అరుస్తుంది. జేసన్ డంప్స్ కూడా మామూలుగా "ఆబ్జెక్ట్ ఆఫ్ టైప్ మ్యాజిక్‌మాక్ ఈజ్ నాట్ జేసన్ సీరియలైజబుల్" అని టైప్ ఎర్రర్ ఇస్తుంది. కానీ తేదీల కోసమో డెసిమల్ కోసమో చాలా ప్రాజెక్టుల్లో డిఫాల్ట్ ఈక్వల్స్ స్ట్రింగ్ అని పెట్టి ఉంటారు. అప్పుడు మాక్ నోరు మూసుకుని స్ట్రింగ్ అయిపోతుంది. ఒక ప్రాజెక్టులో స్నాప్‌షాట్ ఫైల్ (పోల్చుకోవడానికి ముందే దాచిపెట్టిన అవుట్‌పుట్) తెరిచి చూస్తే ఇన్‌వాయిస్ నంబర్ ఉండాల్సిన చోట "మ్యాజిక్‌మాక్ నేమ్ ఈక్వల్స్ మాక్ డాట్ ఇన్‌వాయిస్ నంబర్, ఐడీ ఈక్వల్స్" అని ఒక పొడవాటి అంకె ఉంది. ఐడీ ప్రతి రన్‌కీ మారుతుంది కాబట్టి టెస్టు అప్పుడప్పుడూ కాదు, ప్రతిసారీ ఫెయిల్ అయ్యేది, దానికి ఎవరో ఆ ఫీల్డ్‌ని పోలికలోంచి తీసేశారు. అసలు ఇన్‌వాయిస్ నంబర్‌ని ఏ టెస్టూ చూడకుండా చాలాకాలం నడిచింది.

మీ బిల్లుల లాంటి చోట ఇంకో జాగ్రత్త. ప్యాచ్ చేసి రిటర్న్ వాల్యూ ఇవ్వడం మరిస్తే రేటు మ్యాజిక్‌మాక్ అవుతుంది, దాన్ని లీటర్లతో గుణిస్తే ఎర్రర్ రాదు, ఇంకో మ్యాజిక్‌మాక్ వస్తుంది. దాన్ని ఇంట్‌లోకి మారిస్తే 1 వస్తుంది, ఫ్లోట్ అయితే 1.0, అవి మ్యాజిక్‌మాక్ డిఫాల్ట్‌లు. నెల నీళ్ల బిల్లు ఒక్క రూపాయి! టెస్టులో "సున్నా కంటే ఎక్కువ" అని మాత్రమే చూసుంటే పాస్ అయిపోతుంది. డబ్బు లెక్కల దగ్గర మ్యాజిక్‌మాక్ కాకుండా మామూలు మాక్ వాడితే గుణించగానే టైప్ ఎర్రర్ వస్తుంది, అదే మనకి కావాల్సింది.

బెళ్లందూరు_బ్యాకెండ్

అందరికీ పేరుపేరునా థాంక్స్. మారతహళ్లి గారు చెప్పినట్టు ఫంక్షన్‌ని రెండుగా చేశాను, రేటు ఇప్పుడు పేరెంట్‌లో ఒకసారే తెస్తున్నాం, ఎస్ఎంఎస్ పేరెంట్ పంపుతోంది, మ్యాక్‌లోనూ సీఐలోనూ స్పాన్‌తో ఒకేలా నడుస్తోంది. రిడ్యూస్ సబ్‌క్లాస్ తీసేశాను.

ఒక్క టెస్టు మాత్రం ఇంకా మొండికేస్తోంది. బిల్లు వివరాల డేటాక్లాస్ నిజమైనదే, మాక్ కాదు. ఫిక్స్చర్‌లో నిజం ఆబ్జెక్ట్‌లే చేసి పూల్‌కి పంపుతున్నాను. అయినా "కాంట్ పికిల్ క్లాస్, ఇట్స్ నాట్ ద సేమ్ ఆబ్జెక్ట్" అని నా సొంత క్లాస్ పేరుతోనే వస్తోంది. ఇందులో మాక్ ఎక్కడుంది?

సిల్క్‌బోర్డ్_సీఐ

ఆ టెస్టు మీద ఎక్కడో ఆ డేటాక్లాస్ పేరునే ప్యాచ్ చేసి ఉంటారు, డెకరేటర్లు చూడండి. ఆబ్జెక్ట్ నిజమైనదే, కానీ పికిల్ మాడ్యూల్‌లో ఆ పేరుతో వెతికితే ఇప్పుడు అక్కడ మాక్ కూర్చుని ఉంది, రెండూ ఒకటి కాదు కాబట్టి ఆగిపోతుంది. ప్యాచ్ లేకపోతే ఇంపోర్ట్‌లిబ్ రీలోడ్ ఎక్కడైనా వాడారేమో చూడండి, రీలోడ్ చేస్తే క్లాస్ కొత్తగా పుడుతుంది, ముందే చేసిన ఆబ్జెక్ట్‌లు పాత క్లాస్‌వి అవుతాయి, అదే ఎర్రర్ వస్తుంది.

బెళ్లందూరు_బ్యాకెండ్

దొరికింది అన్నా. టెస్ట్ క్లాస్ పైన పాత ప్యాచ్ డెకరేటర్ ఒకటి ఉంది, ఫంక్షన్ రెండుగా చేయకముందు ఎవరో పెట్టింది, ఇప్పుడు దానితో పనే లేదు. తీసేశాను, సూట్ మొత్తం పాస్ అయింది. 3.14తో ఒక సీఐ జాబ్ కూడా పక్కన పెట్టాను, అక్కడ ఏదైనా తేడా కనిపిస్తే ఇక్కడే రాస్తాను.